శాలువా వెనుక లెక్క: ప్రైవేటు ఫౌండేషన్ల సాహిత్య పురస్కారాలు కొన్ని నిలుస్తాయి, కొన్ని ఆగిపోతాయి, ఎందుకు?

సంక్షిప్తంగా: ఒక సాహిత్య పురస్కారం ఎన్నాళ్ళు బతుకుతుందో దాని నగదు మొత్తం చెప్పదు, ఆ నగదు వచ్చే దారి చెబుతుంది. మూలధనం మీద వడ్డీతో నడిచేది నెమ్మదిగా కరుగుతుంది. కంపెనీ బడ్జెట్‌తో నడిచేది ఒక్క నిర్ణయంతో ఆగుతుంది. దాత ఏటా జేబులోంచి ఇచ్చేది దాతతోపాటే పోతుంది. తెలుగులో అచ్చయిన పుస్తకానికిచ్చే బహుమతులు చాలా ఉన్నా, రాసే కాలానికి డబ్బిచ్చే ఫెలోషిప్పులు అరుదు. దీనికి కారణం దాతల మనసులో కన్నా లెక్కల్లోనే ఎక్కువగా ఉంది.

ఏటా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో పురస్కారాల ప్రకటనలు కూడా జోరందుకుంటాయి. ఫలానా స్మారక పురస్కారానికి గత మూడేళ్ళలో అచ్చయిన కవితా సంపుటాలు నాలుగేసి ప్రతులు పంపాలనీ, పంపిన ప్రతులు తిరిగి ఇవ్వబడవనీ, న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయమనీ వాటిలో ఉంటుంది. నగదు ఎంతో కూడా రాస్తారు. ఆ నగదు ఎక్కడిది, వచ్చే ఏడాది ఉంటుందా, పదేళ్ళ తర్వాత దాని విలువెంత అన్నవి మాత్రం ప్రకటనల్లో దాదాపు కనిపించవు. 2024 దాకా దేశంలో అత్యధిక నగదు ఇచ్చిన సాహిత్య బహుమతుల్లో ఒకటైన జేసీబీ ప్రైజ్ 2025లో ఇవ్వకపోయాక ఈ ప్రశ్నలు తెలుగు రచయితల మధ్యకు కూడా వచ్చాయి.

డబ్బు వచ్చే మూడు దారులు

తెలుగులో ప్రైవేటు సొమ్ముతో సాహిత్య పోషణ కొత్త సంగతి కాదు. రాజుల, జమీందారుల కాలం దాటాక ఆ బాధ్యత మొదట మందుల వ్యాపారుల చేతికి వచ్చిందంటే అతిశయోక్తి కాదు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు ఆ లాభాలతోనే 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని నడిపారు. మద్రాసులో కేసరి కుటీరం పెట్టి ‘లోధ్ర’ మందు అమ్మిన డాక్టర్ కె.ఎన్.కేసరి ‘గృహలక్ష్మి’ పత్రిక తరఫున రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చారు. 1934లో ఆ కంకణం తొలిసారి అందుకున్నది బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ. ఈ పోషణ అంతా ఒక మనిషి సంపాదన మీద, ఆయన ఇష్టం మీద నిలబడింది. ఇది మొదటి దారి. ఈనాటికీ కోస్తా జిల్లాల్లో తల్లిదండ్రుల పేరిట ఇచ్చే స్మారక పురస్కారాలు ఎక్కువగా ఈ దారిలోనే నడుస్తున్నాయి. కొడుకో కూతురో ఏటా ఇరవై వేలో, యాభై వేలో తీసి ఇస్తారు. వారి ఆరోగ్యం, ఉద్యోగం, ఆసక్తి బాగున్నంతకాలం పురస్కారానికి ఢోకా ఉండదు.

రెండో దారి మూలధనం. ఒక మొత్తాన్ని ట్రస్టు పేర వేసి, అసలు ముట్టకుండా రాబడితోనే బహుమతి ఇవ్వడం. మన వాళ్ళు దీన్ని ధర్మనిధి అంటారు. సాహు శాంతిప్రసాద్ జైన్ కుటుంబం 1944లో నెలకొల్పిన భారతీయ జ్ఞానపీఠ్ ట్రస్టు సంస్థాగత పోషణకు పెద్ద ఉదాహరణ. ఆ ట్రస్టు ఇచ్చే జ్ఞానపీఠ పురస్కారం 1965 నుంచి నడుస్తోంది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో, విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ 1970 సంవత్సరానికి దాన్ని అందుకున్న తొలి తెలుగు రచయిత. తర్వాత 1988కి సి.నారాయణరెడ్డి, 2012కి రావూరి భరద్వాజ అందుకున్నారు. కె.కె.బిర్లా ఫౌండేషన్ 1991లో సరస్వతీ సమ్మాన్ మొదలుపెట్టింది. గుంటూరు జిల్లా కారుమూరివారిపాలెంలో పుట్టిన కె.శివారెడ్డికి 2018 సంవత్సరానికి అది దక్కింది. ఈ రెండింటికీ తేడా ఉంది. జ్ఞానపీఠం 1982 నుంచి మొత్తం సాహిత్య కృషిని చూస్తుంది. సరస్వతీ సమ్మాన్ గత పదేళ్ళలో వచ్చిన ఒక పుస్తకాన్ని చూస్తుంది.

మూడో దారి కంపెనీ బడ్జెట్. దీని స్వభావం వేరు. కంపెనీ ఖాతాలో ఇది పరువు కోసం, ప్రచారం కోసం పెట్టే ఖర్చు. కాబట్టి ప్రకటనల ఖర్చును తగ్గించినట్టే దీన్నీ తగ్గించవచ్చు. జేసీబీ ప్రైజ్ 2018లో 25 లక్షల రూపాయలతో మొదలైంది. గెలిచింది అనువాదమైతే అనువాదకులకు మొదట్లో మరో 5 లక్షలు, తర్వాత 10 లక్షలు. ఏడేళ్ళు ఇచ్చారు. ఇళ్ళ కూల్చివేతల్లో ఆ కంపెనీ యంత్రాల వాడకాన్ని తప్పుపడుతూ 2024లో రచయితలు బహిరంగ లేఖ రాశారు. దక్షిణాసియా సాహిత్యానికి ఇచ్చిన డీఎస్‌సీ ప్రైజ్ 50 వేల డాలర్లతో మొదలై, 2017లో 25 వేలకు తగ్గి, 2019 విజేత తర్వాత ఆగింది. క్రాస్‌వర్డ్ పుస్తక దుకాణాల సంస్థ ఇచ్చే బహుమతి పేరు ముందు హచ్, వొడాఫోన్, రేమండ్ అంటూ స్పాన్సర్లు మారుతూ వచ్చారు.

స్పాన్సర్ మారినా బహుమతి బతికిన సందర్భాలూ ఉన్నాయి. 1969లో మొదలైన బుకర్ ప్రైజ్‌కు ఆ పేరే ఒక ఆహార పదార్థాల వ్యాపార సంస్థ నుంచి వచ్చింది. 2002 నుంచి మ్యాన్ గ్రూప్ అనే పెట్టుబడుల సంస్థ డబ్బిచ్చింది. 2019లో అది తప్పుకోగానే క్రాంక్‌స్టార్ట్ అనే ప్రైవేటు ధార్మిక సంస్థ ముందుకొచ్చింది. ఇంతమంది మారినా బుకర్ పడిపోలేదు. కారణం, బహుమతి నిర్వహణ స్పాన్సర్ చేతిలో లేదు. అది వేరే ఫౌండేషన్ చేతిలో ఉంది. స్పాన్సర్ వెళ్ళిపోతే పేరు ముందరి మాట పోతుంది. నియమావళి, న్యాయనిర్ణేతల వ్యవస్థ, యాభై ఏళ్ళ రికార్డు అలాగే ఉంటాయి. డబ్బిచ్చేవారూ నడిపేవారూ ఒకరే అయిన చోట ఈ రక్షణ ఉండదు.

ధర్మనిధి ఎలా కరుగుతుంది

మూలధనం ఉంటే పురస్కారం శాశ్వతం అని దాతలు అనుకుంటారు. పేరు వరకు శాశ్వతమే. విలువ సంగతి వేరు.

1990ల తొలినాళ్ళలో బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ 12 శాతం చుట్టూ ఉండేది. అప్పట్లో లక్ష రూపాయల ధర్మనిధి ఏటా 12,000 ఇచ్చేది. ఆ లెక్క చూసుకునే పదివేల బహుమతి పెట్టి ఉంటారు. ఇప్పుడు అదే లక్ష మీద ఆరున్నర శాతం చొప్పున వచ్చేది 6,500. పదివేలు ఇస్తామని పత్రంలో రాసుకున్న నిర్వాహకులు మిగతాది జేబులోంచి వేయాలి, లేదా రెండేళ్ళకోసారి ఇవ్వాలి. ఈ మధ్యలో పదివేల కొనుగోలు శక్తి ఎంత పడిపోయిందో చెప్పనక్కర్లేదు. 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన, అంతకుముందు పొట్టి శ్రీరాములు పేరిట ఉన్న తెలుగు విశ్వవిద్యాలయం కీర్తి పురస్కారాల్లో చాలావాటికి వెనుక దాతల ధర్మనిధులున్నాయి. వాటి నగదు ఏళ్ళ తరబడి 5,116 రూపాయలు. నూటపదహార్ల మర్యాద నిలబడింది కానీ ముందున్న అంకె కదలలేదు.

కొంచెం పెద్ద నిధిని తీసుకుందాం. 50 లక్షలు, ఏడు శాతం వడ్డీ. ఏటా మూడున్నర లక్షలు. పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక ట్రస్టు తన ఆదాయంలో కనీసం 85 శాతాన్ని ఆ ఏడాదే లక్ష్యాల మీద ఖర్చు చేయాలి. అంటే 2,97,500 ఖర్చు, 52,500 మిగులు. ఈ మిగులును అసలుకు కలుపుతూ పోతే అసలు ఏటా ఒక శాతం చొప్పున పెరుగుతుంది. ధరలు ఏటా అయిదు శాతం పెరుగుతాయనుకుంటే పురస్కారం నిజ విలువ పద్దెనిమిదేళ్ళలో సగమవుతుంది. మిగులు కలపకుండా వడ్డీ అంతా ఖర్చు చేసేస్తే పద్నాలుగేళ్ళకే సగమవుతుంది. నిర్వాహకుల తప్పేమీ లేకుండానే ఇదంతా జరుగుతుంది. ఒక నిర్దిష్ట ప్రయోజనం రాసి, నియమిత ఫారం దాఖలు చేస్తే అయిదేళ్ళ దాకా అదనంగా కూడబెట్టుకునే వీలు చట్టంలో ఉంది. చిన్న ట్రస్టులు దాన్ని వాడుకునేది తక్కువ.

నోబెల్ బహుమతి కూడా ఈ గండం తప్పించుకోలేదు. 1901లో 1,50,782 స్వీడిష్ క్రోనాలతో మొదలైన బహుమతి నిజ విలువ 1920ల తొలినాళ్ళకు బాగా పడిపోయింది. నిధిని భద్రమైన బాండ్లలోనే ఉంచాలన్న నిబంధన ఒక కారణం, పన్నులు మరో కారణం. 1946లో పన్ను మినహాయింపు వచ్చింది. 1953లో షేర్లలో, స్థిరాస్తుల్లో పెట్టుబడి పెట్టే స్వేచ్ఛ వచ్చింది. అయినా 1901 నాటి విలువను మళ్ళీ అందుకోవడానికి 1991 దాకా పట్టింది. 2012లో నిధిని కాపాడుకోవడానికి కోటి క్రోనాల బహుమతిని 80 లక్షలకు తగ్గించారు. 2023 నాటికి కోటీ పది లక్షలకు చేరింది. బహుమతిని తగ్గించడం ఆ సంస్థకు నామోషీ కాలేదు. మన దగ్గర తగ్గించడం కన్నా చప్పుడు చేయకుండా ఆపేయడమే ఎక్కువ.

పన్ను మినహాయింపు ఉన్న భారతీయ ట్రస్టులకు నేరుగా ప్రైవేటు రంగ కంపెనీల షేర్లు కొనే వీలు లేదు. బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్లతోపాటు మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు మాత్రం అనుమతి ఉంది. మార్కెట్ పడితే ఎవరు మాట పడాలన్న భయంతో ట్రస్టీలు ఎఫ్‌డీ దగ్గరే ఆగుతారు. ఆ భయం అర్థమయ్యేదే, కానీ దాని ఖరీదు పైన చూసిన పద్దెనిమిదేళ్ళ లెక్క.

బంగారం లెక్కలో చూస్తే ఇది ఇంకా తేలికగా తెలుస్తుంది. 1970లో పది గ్రాముల బంగారం రెండు వందల రూపాయల లోపు. ఆనాటి జ్ఞానపీఠం లక్ష రూపాయలతో అయిదు కిలోలకు పైగా కొనవచ్చు. పది గ్రాములు లక్ష దాటిన 2025 ధరల్లో ఇప్పటి 11 లక్షలకు 110 గ్రాములు కూడా రావు. కేసరిగారు నగదు బదులు కంకణం ఇవ్వడంలో ఈ ఆలోచన ఉందో లేదో గానీ, 1934 నాటి బహుమతుల్లో విలువ తరగనిది అదే.

రచయితకు చేరేది ఎంత

50 లక్షల నిధి నుంచి ఏటా ఖర్చు చేయగల 2,97,500ను విజయవాడలో ఒక మామూలు పురస్కార సభకు సర్దితే దాదాపు ఇలా ఉంటుంది. బహుమతి లక్ష. ముగ్గురు న్యాయనిర్ణేతలకు పదిహేనేసి వేల చొప్పున 45,000. హాలు, మైకు, ఫొటోలు, భోజనాలు 60,000. గ్రహీతకూ అతిథులకూ ప్రయాణం, బస 30,000. పుస్తకాల కొనుగోలు, కొరియర్ 20,000. ఆడిటర్ ఫీజు, రిటర్నులు 25,000. జ్ఞాపిక, శాలువాలు, ఆహ్వానపత్రాలు 15,000. మొత్తం 2,95,000. సుమారుగా వేసిన ఈ లెక్కలో రచయిత చేతికి వెళ్ళేది మూడోవంతు.

ఇందులో కోత పెట్టదగింది సభ ఖర్చు, కోత పెట్టకూడనిది న్యాయనిర్ణేతల గౌరవ వేతనం. ఆచరణలో సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. వేదిక మీద పన్నెండు కుర్చీలు, పన్నెండు శాలువాలు ఉంటాయి. పుస్తకాలు చదివినవారికి మాత్రం ఆటో ఖర్చు కూడా అడగడానికి మొహమాటం. ఊరికే చదివిపెట్టమంటే మొత్తం చదవరు, ఇది వారి నిజాయితీకి సంబంధించిన విషయం కాదు. 120 పుస్తకాలు వచ్చాయనుకుంటే, సగటున 150 పేజీల చొప్పున 18,000 పేజీలు. రెండు నెలల గడువంటే రోజుకు 300 పేజీలు. ఉద్యోగం చేసుకుంటూ ఇది ఎవరికీ సాధ్యం కాదు. అందుకే మొదటి వడపోతకు వేరే బృందం, రెండో దశకు పది పన్నెండు పుస్తకాలు అన్న పద్ధతి అవసరం. జ్ఞానపీఠానికి భాషల వారీ సలహా సంఘాలు, వాటి పైన తుది ఎంపిక చేసే ప్రవర పరిషత్తు ఉన్నది ఇందుకే.

మార్కులు కూడితే వచ్చే చిక్కు

ముగ్గురు న్యాయనిర్ణేతలు వందకు మార్కులేసి, కూడి, ఎక్కువ వచ్చిన పుస్తకానికి బహుమతి ఇవ్వడం చాలా సంస్థల అలవాటు. పైకి ఇది నిష్పాక్షికంగా కనిపిస్తుంది. మొదటి న్యాయనిర్ణేత ఒక పుస్తకానికి 90, ఇంకోదానికి 60 వేశారనుకుందాం. రెండో వారు అదే వరసలో 70, 75. మూడో వారు 68, 76. మొత్తం 228, 211. మొదటి పుస్తకం గెలిచింది. కానీ ముగ్గురిలో ఇద్దరికి రెండో పుస్తకమే మెరుగనిపించింది. మార్కులు విచ్చలవిడిగా వేసేవారి మాటకు, పొదుపుగా వేసేవారి మాట కన్నా ఎక్కువ బరువు పడుతుంది. కావాలని చేస్తే ఒక్కరే ఫలితాన్ని తిప్పేయగలరు.

దీనికి విరుగుడు సులువు. మార్కులు కాకుండా ర్యాంకులు అడగాలి. చివరి అయిదు పుస్తకాలను ఒకటి నుంచి అయిదు దాకా పేర్చమని, ర్యాంకులు కూడి, తక్కువ వచ్చినదాన్ని తీసుకోవాలి. సమానమైతే ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడాలి. ఎవరికి వారు ఇంటి నుంచి మార్కుల కాగితం పంపే పద్ధతిలో ఆ చర్చే జరగదు. చర్చ లేని చోట ఎంపికకు కారణాలు కూడా ఉండవు. అందుకే మన పురస్కార ప్రకటనల్లో విజేత పేరుంటుంది కానీ ఆ పుస్తకమే ఎందుకన్న నాలుగు వాక్యాలుండవు.

ఇంకొన్ని చిన్న తకరార్లు ఏటా ఎదురవుతాయి. ఇన్నర్ టైటిల్ పేజీలో డిసెంబరు అని ఉన్న పుస్తకం నిజంగా మార్చిలో అచ్చవుతుంది. ఏ ఏడాది కింద లెక్క? పుస్తకంలో వేసిన తొలి ముద్రణ తేదీనే ప్రమాణంగా తీసుకుంటామని నియమావళిలో ఒక వాక్యం ఉంటే గొడవ ఉండదు. పాత కథలు సగం కలిపిన సంపుటి కొత్త పుస్తకమా కాదా అన్నది కూడా అలాగే ముందే తేల్చాలి. న్యాయనిర్ణేత ముందుమాట రాసిన పుస్తకం పోటీకి వస్తే ఆ పుస్తకం వరకు ఆయన తప్పుకోవాలి. తెలుగు సాహిత్య లోకం చిన్నది. ముందుమాటలు రాసేవారూ, న్యాయనిర్ణేతలుగా కూర్చునేవారూ చాలావరకు ఒకరే.

ఎంట్రీ ఫీజు అడిగే పురస్కారాల గురించి రెండు మాటలు చాలు. గ్రహీత దగ్గరే డబ్బు తీసుకుని జ్ఞాపిక ఇచ్చేదాన్ని పురస్కారం అనరు, అమ్మకం అంటారు.

చట్టం ఎక్కడ అడ్డొస్తుంది

ట్రస్టు దస్తావేజును సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడంతో సగం పని అయినట్టు. పన్ను మినహాయింపుకు 1961 ఆదాయపు పన్ను చట్టం 12ఏబీ సెక్షన్ కింద, దాతలకు రాయితీ రావాలంటే 80జీ కింద నమోదు కావాలి. ఈ నమోదు శాశ్వతం కాదు. అయిదేళ్ళకోసారి, ఏటా అయిదు కోట్ల లోపు ఆదాయం ఉన్న ట్రస్టుల 12ఏబీ నమోదుకైతే 2025 సవరణతో పదేళ్ళకోసారి, పునరుద్ధరించుకోవాలి. గడువుకు ఆరు నెలల ముందే దరఖాస్తు వేయాలి. మరిచిపోతే మొత్తం నికర ఆస్తి మీద గరిష్ఠ రేటున పన్ను పడే నిబంధన ఉంది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉన్నా, అది అడుక్కోవాల్సిన పరిస్థితి. రిటైరైన మాస్టార్లు ఇద్దరు ముగ్గురు నడిపే ట్రస్టులు తడబడేది ఇక్కడే. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల సంఖ్యలు అందులో మారాయి కాబట్టి పాత ఫారాల నమూనాలు పట్టుకుని దరఖాస్తు చేయకూడదు.

వ్యవస్థాపకులకు, ట్రస్టీలకు, వారి బంధువులకు, పెద్ద దాతలకు ట్రస్టు సొమ్ముతో మేలు చేస్తే మినహాయింపు దెబ్బతింటుంది. కాబట్టి ట్రస్టీగారి తమ్ముడికి పురస్కారం ఇవ్వడం రుచికి, మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు, పన్ను సంగతి కూడా.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు సాహిత్యానికి ఎందుకు రావన్నది తరచూ వినే ప్రశ్న. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర లాభం అయిదు కోట్లు దాటిన కంపెనీ, లేదా నికర విలువ 500 కోట్లు గానీ టర్నోవరు 1000 కోట్లు గానీ చేరిన కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి, ప్రజా గ్రంథాలయాలు ఉన్నాయి. అయితే కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లో ఇచ్చిన సర్క్యులర్ మారథాన్లు, అవార్డుల వంటి ఒక్కసారి జరిగే కార్యక్రమాలను ఈ ఖర్చు కింద లెక్కించబోమంది. అంటే గుంటూరు మిర్చి వ్యాపారంలోనో, ఆటోనగర్ పరిశ్రమల్లోనో లాభాలున్న కంపెనీ, పురస్కారానికి డబ్బిస్తే అది సొంత ఖర్చు. పల్లెటూరి గ్రంథాలయానికి పుస్తకాలు కొనిస్తే సామాజిక బాధ్యత. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన విజయవాడకు ఈ రెండో దారి పరాయిదేమీ కాదు. బహుమతి పొందిన పుస్తకం ప్రతులు వంద కొని గ్రంథాలయాలకు పంచే ఏడాది పొడవు కార్యక్రమంగా రూపొందిస్తే, రచయితకు కూడా అది లక్ష రూపాయల చెక్కుకు తీసిపోదు.

ప్రవాసుల విరాళాలకు ఇంకో కంచె. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి సొంత పొదుపు నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బెజవాడ బిడ్డ ఇచ్చేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవడానికి ట్రస్టుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తప్పనిసరి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న సొమ్మును మరో సంస్థకు మళ్ళించే వీలు కూడా లేదు.

బహుమతి వేరు, ఫెలోషిప్ వేరు

ఫెలోషిప్ అన్న మాట దగ్గరే గందరగోళం ఉంది. కేంద్ర సాహిత్య అకాడెమీ ఫెలోషిప్ నెలజీతం కాదు, ఒక సమయంలో 21 మందికి మించకుండా ఇచ్చే అత్యున్నత గౌరవం. కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చేవి నిజమైన భృతులు. రెండేళ్ళపాటు నెలకు జూనియర్లకు 10,000, సీనియర్లకు 20,000. 2021లో మొదలైన పీఎం యువ పథకం యువ రచయితలకు ఆరు నెలలపాటు నెలకు 50,000 ఇచ్చింది. ప్రైవేటు రంగంలో బెంగళూరు కేంద్రంగా 2004లో మొదలైన న్యూ ఇండియా ఫౌండేషన్ స్వతంత్ర భారత చరిత్ర మీద పుస్తకం రాసేవారికి ఏడాదిపాటు నెలనెలా డబ్బిస్తుంది. తెలుగులో నవలో, జీవిత చరిత్రో రాసేవారికి ఈ తరహా ప్రైవేటు ఏర్పాటు వెతికితే గానీ దొరకదు.

కారణం లెక్కలో ఉంది. నెలకు 25,000 చొప్పున ఏడాది ఇవ్వడానికి మూడు లక్షలు. పర్యవేక్షణకు, ఎంపికకు మరో లక్ష. ఏడు శాతం వడ్డీ, 85 శాతం ఖర్చు అన్న పాత లెక్కతో దీనికి 67 లక్షల పైచిలుకు నిధి కావాలి. ఆ మూడు లక్షలతోనే పదివేల బహుమతులు ముప్పై ఇవ్వవచ్చు. ముప్పై సభలు, ముప్పై ఫొటోలు. పైగా బహుమతిలో దాతకు నష్టభయం లేదు, పుస్తకం చేతిలో ఉంది కాబట్టి. ఫెలోషిప్పులో పుస్తకం రాకపోవచ్చు.

ఆ భయాన్ని తగ్గించే పద్ధతులు లేకపోలేదు. దరఖాస్తుతో పదిహేను పేజీల నమూనా, అధ్యాయాల వరస, ఇంతవరకు సేకరించిన సామగ్రి వివరం అడగాలి. సొమ్మును విడతలుగా ఇవ్వాలి, ఒప్పందం రోజు కొంత, మూడో నెలలో రెండు అధ్యాయాలు వచ్చాక కొంత, చిత్తుప్రతి పూర్తయ్యాక మిగిలింది. చివరి విడత పది శాతానికి మించకపోవడం మంచిది. ఎక్కువ పట్టి ఉంచితే రాసేవారికి అవసరమైన సమయంలో డబ్బు ఉండదు. చిత్తుప్రతి చదవడానికి ఒక సంపాదకుణ్ణి పెట్టాలి. తెలుగులో కొరతగా ఉన్నది డబ్బు కన్నా ఈ సంపాదకులే. రచనలో ఏముండాలో చెప్పే హక్కు ఫౌండేషన్‌కు లేదని ఒప్పందంలో రాయాలి. దాత కుటుంబ చరిత్రనే పుస్తకంగా రాయించుకునే ఫెలోషిప్ వేరే సరుకు, దానికి ఆ పేరు పెట్టకపోతే చాలు.

తీసుకునేవారు చూసుకోవలసినవి

నమోదైన ధార్మిక ట్రస్టు ఇచ్చిన నగదు సాధారణంగా కానుకల పన్ను లెక్కలోకి రాదు. నమోదు లేని సంఘమో, వ్యక్తో ఇచ్చిన మొత్తం ఇతర కానుకలతో కలిపి ఏడాదిలో 50,000 దాటితే మొత్తానికీ పన్ను పడుతుంది. రచనే వృత్తిగా ఉన్నవారి విషయంలో వృత్తి ఆదాయంగా చూసే అవకాశమూ ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పిన పురస్కారాలకు, కేంద్రం ఆమోదించిన ఇతర సంస్థల పురస్కారాలకు వేరే మినహాయింపు ఉంటుంది. ప్రతి పురస్కారమూ అందులోకి రాదు. కాబట్టి చెక్కుతోపాటు ట్రస్టు పాన్, నమోదు సంఖ్య ఉన్న లేఖ ఒకటి తీసుకోవాలి.

తెలుగు రచయితల్లో ఉపాధ్యాయులు, ప్రభుత్వోద్యోగులు ఎక్కువ. ప్రైవేటు సంస్థల పురస్కారాలను ముందస్తు అనుమతితోనే, అదీ నగదు లేకుండా తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఉత్తర్వులున్నాయి. రాష్ట్ర ఉద్యోగులు కూడా శాఖాధిపతికి ముందే రాసి, జవాబు ఫైల్లో పెట్టుకోవడం క్షేమం. విదేశీ మూలం ఉన్న నగదైతే ప్రభుత్వోద్యోగులతోపాటు, నమోదైన పత్రికల సంపాదకులు, విలేకరులు, కాలమిస్టులు కూడా తీసుకోకూడదని ఎఫ్‌సీఆర్‌ఏ మూడో సెక్షన్ చెబుతుంది. ఆదివారం పేజీలో వారం వారం శీర్షిక రాసే కవి దీన్ని గమనించాలి. స్కాలర్‌షిప్, స్టైపెండ్ వంటివాటికి అదే చట్టంలో మినహాయింపు ఉంది.

రాతప్రతుల పోటీల్లో హామీపత్రాన్ని చివరి పంక్తి దాకా చదవాలి. బహుమతి పొందిన రచన సర్వహక్కులూ సంస్థవే అన్న వాక్యం కొన్నిట్లో ఉంటుంది. కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే అది అయిదేళ్ళే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వేరే ఒప్పందం లేకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది తిరిగి రచయితకే వస్తుంది. పాతికవేల బహుమతికి ఆశపడి సినిమా, ఆడియో, అనువాద హక్కులతో సహా కలిపి సంతకం పెట్టినవారికి ఈ సెక్షన్ కొంతవరకు అక్కరకొస్తుంది. సంతకానికి ముందే ‘తొలి ముద్రణ హక్కు మాత్రమే’ అని దిద్దించుకుంటే దాని అవసరమే రాదు.

చిన్న నిధితో ఏం చేయవచ్చు

విజయవాడ, గుంటూరుల్లో పురస్కారం పెట్టాలనుకునే కుటుంబాల చేతిలో ఉండేది చాలావరకు అయిదు నుంచి పది లక్షలు. పది లక్షల మీద ఏడు శాతం చొప్పున డెబ్బై వేలు. దీనికోసం సొంత ట్రస్టు పెడితే ఆడిటరుకీ రిటర్నులకీ పోయేదే పాతిక వేలు. మిగిలినదానితో సభ జరిపితే రచయితకు దక్కేది పదివేలకు అటూ ఇటూ. అదే నిధిని నమోదు ఉన్న గ్రంథాలయానికో, విద్యాసంస్థకో ధర్మనిధిగా అప్పగిస్తే నిర్వహణ ఖర్చు తప్పుతుంది. అప్పగించే పత్రంలో నగదు అంకె రాయకూడదు. ‘ఆ ఏడాది రాబడిలో అరవై శాతం రచయితకు’ అని నిష్పత్తి రాయాలి. రాబడి ఒక స్థాయి కన్నా పడిపోతే రెండేళ్ళకోసారి ఇవ్వాలని, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నిధి చాలకపోతే అదే కోవకు చెందిన మరో నిధితో కలిపేయవచ్చని, అప్పుడు రెండు పేర్లూ ఉంటాయని కూడా రాయాలి. ఈ ఆఖరి నిబంధన రాయడానికి కుటుంబాలు ఒప్పుకోవు. నాన్నగారి పేరు పక్కన ఇంకొకరి పేరా అంటారు. అది రాయకపోవడం వల్లనే ఎన్నో నిధులు ఇవ్వడానికి చాలక, ముట్టుకోవడానికి వీల్లేక, ఏటా పునరుద్ధరణ అవుతున్న ఎఫ్‌డీ రసీదులుగా బీరువాల్లో ఉండిపోతున్నాయి.